చి. రిత్విక్, బి.టెక్., డిపెండెంట్ (జర్మనీ)

నల్లగొండ, పానగల్ రోడ్డు హాస్టలు,
జూన్ 2024

జానమ్మత్తకు,
గ్రేస్ వందనాలు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని కవరు చించకముందే నవ్వుకొని ఉంటావు. నవ్వుకో. బాపుతో ఫోన్లో మాట్లాడడం ఇక నా వల్ల కాదు. ఎత్తగానే స్పీకర్ పెడతాడు. పంక్చర్ షాపు ముందు టైరు విప్పించుకుంటున్న లారీ డ్రైవర్లు, పక్క కొట్టులో టీ తాగేవాళ్లు, బెంగళూరు బస్సు కోసం నిలబడ్డవాళ్లు, అందరూ కలిసి నా యోగక్షేమాలు అడుగుతారు. మొన్న "హాస్టల్లో అన్నం ఉడకడం లేదు బాపూ" అన్నాను. వెనుక నుంచి ఎవరో తమిళ డ్రైవరు కుక్కర్ వాషర్ మార్చమని సలహా చెప్పాడు. సలహా మంచిదే. కానీ కొన్ని సంగతులు ఆ డ్రైవరుకు చెప్పలేను కదా.

ఇంకో కారణం కూడా ఉంది. జర్మనీలో నర్సు ఉద్యోగానికి వీసా రావాలంటే ముందు వాళ్ల భాష పరీక్ష పాస్ కావాలి. ఆ పరీక్షలో ఉత్తరం రాయమంటారు. మా సారు మా నోటుబుక్కులు చూసి, "మీకు ఏ భాషలోనూ ఉత్తరం రాయరాదు. ముందు తెలుగులో ఎవరికైనా రాసి నేర్చుకోండి" అన్నాడు. అందుకని నువ్వు దొరికావు. మా వార్డెన్ బిక్షమ్మ వారమంతా మా ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తుంది కాబట్టి తీరిక కూడా బాగానే ఉంది.

ఈ భాషలో ప్రతి వస్తువుకూ ఆడ, మగ, ఏదీ కానిది అని మూడు కులాలు. దెబ్బకు కట్టే కట్టు మగవాడట. సూది ఆడదట. జ్వరం ఏదీ కాదట. సరేలే అనుకున్నాను. ఆఖరికి 'ఆడపిల్ల' అనే మాట ఏదీ కాని దాంట్లో ఉందట! క్లాసులో కేరళ పిల్లలు ముక్కున వేలేసుకున్నారు. నాకైతే వింతేమీ అనిపించలేదు. మన దగ్గర మాత్రం? మగవాడొక్కడే 'వచ్చిండు'. ఆడపిల్ల వచ్చినా, ఆవు వచ్చినా, బస్సు వచ్చినా 'వచ్చింది'. బాపు నన్నెప్పుడైనా పేరు పెట్టి పిలిచాడా? "అది తిన్నదా, అది పన్నదా, అది పాసయిందా." జర్మనీ వాళ్లు మా బాపు దగ్గరే నేర్చుకొని ఉంటారు.

ఇక్కడ నేను గ్రేస్‌ను కూడా కాదు. సర్టిఫికెట్లలో తాత రాయించిన నాయనమ్మ పేరే ఉంది గనుక ఇక్కడ అందరికీ మారెమ్మను. 'గ్రేస్' అని ఎవరైనా పిలిస్తే నేనే వెనక్కి తిరిగి చూడను.

అసలు సంగతి. శనివారం బాపుతో మాట్లాడుతుంటే వెనుక ఎవరో "కోడలుపిల్ల మంచిగున్నదా?" అన్నారు. బాపు టక్కున స్పీకర్ ఆపేశాడు. నాకు బుద్ధి తెలిశాక బాపు స్పీకర్ ఆపడం ఇదే మొదటిసారి. అత్తా, అక్కడ ఏం జరుగుతోంది?

గ్రేస్


కొత్తకోట,
జూన్ 2024

బిడ్డా గ్రేస్,

నీ ఉత్తరం ఇస్తూ పోస్ట్‌మ్యాన్ "కోర్టు నోటీసా అమ్మా?" అని జాలిగా చూశాడు. ఈ రోజుల్లో ప్రేమతో కవరు ఎవరు అంటిస్తారు మరి.

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను. నీకు సంబంధం వచ్చింది. బస్టాండు పక్కన ఫ్లెక్సీలు అచ్చువేసే పరమేష్ తెలుసు కదా, ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు చచ్చినా, ఎవరు వార్డు మెంబరైనా నిలువెత్తు బొమ్మ వేసేది ఆయనే. ఆయన కొడుకు రిత్విక్. హైదరాబాదులో కంప్యూటర్ కొలువు చేసేవాడు. అమెరికా వీసా లాటరీలో వాని పేరు పడలేదు. ఆ పైన కంపెనీ వాళ్లు "ప్రాజెక్టు లేదు, ఇంటి దగ్గర ఉండు" అన్నారు. అప్పటి నుంచి ఉంటూనే ఉన్నాడు.

పరమేష్ ఊరుకునే రకమా? కొడుకు ఏ దేశానికి దరఖాస్తు పెడితే ఆ దేశానికి శుభాకాంక్షల ఫ్లెక్సీ ముందే కట్టాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. లండన్ ఫ్లెక్సీ కోళ్ల గూటి మీదికి పోయింది. కెనడా ఫ్లెక్సీని మీ బాపు అడిగి తెచ్చుకొని దుకాణం ముందు వానకు పరదా కట్టాడు. ఆ పరదా నువ్వు చూసే ఉంటావు. దాని మీద కళ్లద్దాలు పెట్టుకొని చెయ్యి ఊపుతున్నవాడే నీకు చూసిన పెండ్లికొడుకు.

వాళ్లు కట్నం వద్దన్నారు. మీ బాపు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. నేనే అడిగాను.

"మరేం గావాలె పరమేషూ?"

"మాకేం వద్దక్కా. పిల్ల జర్మనీకి పోయేటప్పుడు జర మావోన్ని ఎంటబెట్టుకపోతే చాలు. నర్సు వీసా మీద మొగనికి గూడ వీసా ఇస్తరట."

దవాఖానలో ముప్పై ఏండ్లు పనిచేశాను, ఎన్ని కాన్పులు చూశానో. పిల్లను అత్తగారింటికి పంపుతూ వెంట మేకపిల్లను పంపినవాళ్లు తెలుసు. పిల్లగాన్నే వెంట పంపుతామన్నవాళ్లను ఇప్పుడే చూశాను.

మీ బాపును తిట్టకు. ఈ ఊళ్లో వానిని 'పంక్చరోడు' అనేవాళ్లే గానీ ఇంకో పేరుతో పిలిచినవాళ్లు లేరు. పరమేష్ కుర్చీ తెప్పించుకొని కూర్చొని "బావా" అన్నాడు. ఆ ఒక్క మాటకు వాడు కరిగిపోయాడు. నువ్వు భాష పరీక్ష పాసవగానే నిశ్చయం చేద్దామని మాటిచ్చాడు. అప్పటిదాకా పిల్ల, పిల్లగాడు మాట్లాడుకోవద్దని పరమేష్ షరతు. చర్చి వార్షికోత్సవంలో దిగిన నీ ఫోటో తీసుకుపోయి కంప్యూటర్లో వేసి తెల్లగా చేసి తెచ్చాడు. నేను చూసి ఈ కాశ్మీరు పిల్ల ఎవరని అడిగాను.

నీ మనసులో ఏముందో నాకు రాయి.

జానమ్మ


నల్లగొండ,
జూలై 2024

అత్తా,

నా మనసులో ఏముందో నిన్నటిదాకా నాకే తెలియదు. ఇప్పుడు బాగా తెలిసింది. ఎందుకంటే పెండ్లికొడుకు మా క్లాసు పక్క క్లాసులో కూర్చున్నాడు.

భార్య వెంట పోవాలన్నా మొదటి మెట్టు పరీక్షైనా పాస్ కావాలట. కట్టంగూరులో వాళ్ల మేనమామ ఇంట్లో ఉండి రోజూ బస్సులో వస్తున్నాడు. వచ్చిన రోజే బిక్షమ్మను అడిగాడు, "ఇక్కడ గ్రేస్ అని ఎవరన్న ఉన్నరా?" అని. బిక్షమ్మ రిజిస్టరు మొత్తం చూసి లేరంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను చూశాడు కూడా. గుర్తుపట్టలేదు! ఆ పరమేష్ మామ నన్ను ఎంత తెల్లగా చేశాడో పాపం.

పైతరగతి వాళ్లం కిందితరగతి వాళ్లకు సాయంత్రం పాఠం చెప్పాలని మా సారు నియమం. రిత్విక్ నాకే పడ్డాడు. నిన్ను నువ్వు పరిచయం చేసుకో అన్నాను. లేచి నిలబడి చక్కగా, "నా పేరు రిత్విక్. నా భార్య జర్మనీలో నర్సు" అన్నాడు. నీ గురించి చెప్పు, నువ్వేం చేస్తావు అని మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పాడు. వాడికి వచ్చిన జర్మన్ అంతే. కూట్లో రాయి తీయలేనివాడు ఏట్లో రాయి తీస్తానని బయలుదేరాడు.

పాఠమయ్యాక మర్యాదకు అడిగాను, పెండ్లెప్పుడని. వాడు చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"పిల్ల ఏమంత గొప్పగాదు మారెమ్మగారూ. నర్సే. నాయిన పంక్చర్లేస్తడు. గానీ వీసా మంచిది."

సంబంధం మంచిది అంటారు, కుటుంబం మంచిది అంటారు, పిల్ల గుణం మంచిది అంటారు. వీసా మంచిది అనడం ఇప్పుడే విన్నాను. నేను నవ్వాను అత్తా, వాడి ముందే నవ్వాను. గదిలోకి వచ్చి బోర్లా పడుకొని ఏడ్చాను. హైదరాబాదు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసినప్పుడు పేషెంట్ల బంధువులు నా మీద అరిచారు, మందులు విసిరికొట్టారు. అప్పుడు కూడా ఇంత ఏడవలేదు.

నేనే గ్రేస్‌నని వాడికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అడగకు. బాపుకు మాత్రం ఇది చెప్పవద్దు, బాధపడతాడు.

మారెమ్మ (ఈ ఉత్తరానికి ఇదే సరైన పేరు)


కొత్తకోట,
ఆగస్టు 2024

బిడ్డా,

నువ్వు చెప్పవద్దన్నావు, చెప్పలేదు. కానీ ఆ రోజు మీ బాపు నాలుక కాలేంత వేడిగా చారు పోశాను. నా కోపం ఎవరి మీదైనా తీరాలి కదా.

ఇక్కడ సంగతి విను. నీ పరీక్ష ఫలితమే ఇంకా రాలేదు, పరమేష్ నిశ్చితార్థం కార్డు అచ్చు కొట్టి తెచ్చాడు. బంగారు రంగు అంచు, రెండు గులాబీలు, మధ్యలో విమానం. విమానం కింద ఇట్లా ఉంది:

చి. రిత్విక్, బి.టెక్., డిపెండెంట్ (జర్మనీ)
చి.ల.సౌ. గ్రేస్, బి.ఎస్సీ. నర్సింగ్

నేను కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివాను.

"పరమేషూ, గీ డిపెండెంటు అంటే ఏంది?"

"పోస్టక్కా. జర్మనీల మావోనిది గదే పోస్టు. వీసా మీద గూడ గట్లనే కొడ్తరట. సూపరింటెండెంటు లెక్కన."

మీ బాపు తల ఊపాడు. "సూపరింటెండెంటు కన్న జర కిందనా, మీదనా?" అని అడిగాడు. "కొంచెం మీదనే ఉంటది బావా" అన్నాడు పరమేష్.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు బిడ్డా. ఒకరి మీద ఆధారపడి బతికేవాడని. చెప్పనా వద్దా అని ఆలోచించాను. చెప్పలేదు. నర్సే గానీ వీసా మంచిదన్నవాని పేరు పక్కన ఆ మాట ఎంత అందంగా కుదిరిందో! ఇప్పుడది చౌరస్తాలో ఫ్లెక్సీ కూడా అయింది. వనపర్తి పోయే బస్సులన్నీ దాని ముందే ఆగుతాయి. బస్సులో చదువుకున్నవాళ్లు చదివి నవ్వుతున్నారు. పరమేష్ అది చూసి ఈర్ష్య అనుకుంటున్నాడు.

నవ్వు అక్కడితో ఆపి ఇది చదువు. నిన్న పరమేష్ కొత్త షరతు తెచ్చాడు. కొడుకు ఆ మొదటి మెట్టు పరీక్ష తప్పాడట. "వాడు పాసయ్యేదాంక పిల్ల ఆగాలె. ఇద్దరు గలిసే పోవాలె. ఆడపిల్ల ఒక్కతే పోతే నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు. నలుగురు ఏమనుకుంటారో నాకు తెలియదు గానీ, ఒక్కతే వెళ్లినదానికి తన కొడుకు అవసరం లేదని తెలిసిపోతుందని ఆయన భయం. మీ బాపు దానికి కూడా సరే అన్నాడు. నేను గొడవ పెట్టుకుంటే "మాటిచ్చినక్కా" అంటాడు. మాట ఇచ్చింది వాడు, ఆగాల్సింది నువ్వు.

ఇప్పుడేం చేద్దాం?

జానమ్మ


నల్లగొండ,
అక్టోబరు 2024

అత్తా,

నేను పాసయ్యాను. నీకొక్కదానికే చెప్తున్నాను. ఇంట్లో ఫలితం రాలేదనే చెప్పాను, ఎందుకంటే ఫలితం వస్తే నిశ్చితార్థం వస్తుంది.

ఉద్యోగం కూడా దొరికింది. ముసలివాళ్లను చూసుకునే ఇల్లు. వీడియోలో ఇంటర్వ్యూ చేశారు. జర్మనీకి ఎందుకు రావాలనుకుంటున్నారని ప్రశ్న. మా బ్యాచి మొత్తానికి ఒకటే జవాబు బట్టీ పట్టించారు, 'మీ సంస్కృతి అంటే నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం' అని. నా కంటే ముందు పోయినవాళ్లంతా అదే ఒప్పజెప్పారు. నా వంతు వచ్చేసరికి ఆ జర్మనీ మేడం ముఖం చూస్తే జాలేసింది. "మా దగ్గర నర్సుకు జీతం తక్కువ, తిట్లు ఎక్కువ మేడం" అన్నాను. ఆమె నవ్వింది. తీసుకున్నారు.

క్రిస్మస్ లోపల చేరకపోతే ఆ జాగా ఇంకొకరికి ఇస్తారు. వీసాకు పాస్‌పోర్టు ఇచ్చి వచ్చాను. అది కొరియర్లో కొత్తకోట ఇంటికే వస్తుంది, చిరునామా అదే గనుక. మార్చలేకపోయాను.

రిత్విక్ రెండోసారి కూడా తప్పాడు. వాడు తప్పిన ప్రతిసారీ నా ప్రయాణం ఒక నెల వెనక్కి పోతోంది. పాఠం చెప్పేది నేనే కాబట్టి వాడిని పాస్ చేయించడానికి నేనే తంటాలు పడుతున్నాను! ఇద్దరిలో డిపెండెంట్ ఎవరో ఆ కార్డు చూసి నువ్వే చెప్పు.

నాకు పోవాలని ఉంది అత్తా. ఈ మాట పైకి చెప్పడానికి ఇన్నాళ్లు సిగ్గుపడ్డాను. ఇంటి కోసం పోతున్నాను, తమ్ముని చదువు కోసం పోతున్నాను అని చెప్తే అందరూ మెచ్చుకుంటారు. అది కూడా నిజమే. కానీ నాకోసం పోవాలని ఉంది. నేర్చుకున్న పనికి విలువ ఇచ్చేచోట ఆ పని చెయ్యాలని ఉంది.

చెప్పకుండా వెళ్లిపోవడం నాకు చేతకాదు. బాపు మాట పోగొట్టి విమానం ఎక్కితే అక్కడ ఎవరికి సూది వేసినా బాపు ముఖమే కనపడుతుంది. బాపే పంపాలి. ఎట్లా పంపుతాడో నాకు తెలియదు. నీకేమైనా తోస్తే చెయ్యి.

గ్రేస్


కొత్తకోట,
నవంబరు 2024

బిడ్డా గ్రేస్,

నాకేమీ తోచలేదు. తోచకుండానే పని అయిపోయింది. మొత్తం చెప్తాను, మధ్యలో లేచిపోకు.

మంగళవారం పొద్దున దుకాణం ముందు, ఆ కెనడా పరదా కింద, పరమేష్ కుర్చీలో కూర్చున్నాడు. మీ బాపు నేల మీద కూర్చొని టైరు విప్పుతున్నాడు. నేను సద్ది తెచ్చి పక్కన నిలబడ్డాను. ఫలితం రాకుంటే ఏమాయె, క్రిస్మస్‌కు నిశ్చయం కానిద్దామని పరమేష్ ఒత్తిడి. అంతలో కొరియర్ పిల్లగాడు బండి ఆపాడు.

"మారెమ్మ ఉన్నదా? పాస్‌పోర్టు వచ్చింది."

మీ బాపు లేవబోయాడు. పరమేష్ వానికంటే ముందే మాట అందుకున్నాడు. "మారెమ్మ ఎవ్వలు? గీడ మారెమ్మ గీరెమ్మ ఎవ్వలు లేరు. మా కోడలు గ్రేస్. గ్రేస్‌ది వచ్చిందా చూడు."

"గ్రేస్ పేరుతోని ఏం లేదు సార్."

పరమేష్ నా వైపు తిరిగాడు. "ఏందక్కా, గ్రేస్ పాస్‌పోర్టు ఎప్పుడొస్తది?"

అబద్ధం ఆడితే నా నాలుక పడిపోవాలి. ఉన్నమాటే చెప్పాను. "గ్రేస్ పేరు మీద పాస్‌పోర్టు లేదు పరమేషూ. ఎన్నడూ లేకుండె."

చర్చిలో తన పేరు పీటరు, రేషన్ కార్డులో పరమేష్. రెండు పేర్లున్న మనిషికి ఇంకొకరికి రెండు పేర్లుంటాయని తట్టనే లేదు చూడు! లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"పాస్‌పోర్టే లేదా? గింత మోసమా? కార్డులు కొట్టిచ్చిన, ఫ్లెక్సీ కట్టిచ్చిన!"

మీ బాపు "అది గాదు బావా, మారెమ్మ అంటే..." అని మొదలుపెట్టాడు. ఇంకో రెండు మాటలు అంటే అంతా తేలిపోయేది. వాని కాలు తొక్కుదామని నేను అడుగు ముందుకు వేశాను. నా అవసరం రాలేదు. పరమేష్ నోరే పని చేసింది.

"ఏం బావ? ఎవనికి బావ? పంక్చర్లేసెటోని బిడ్డకు పాస్‌పోర్టు యాడికెల్లి వస్తదని నేనే అనుకోవాల్సింది. నర్సు పిల్ల, పేషెంట్లకు కడిగే పిల్ల, వీసా ఉన్నదని గదా మీ గడప తొక్కిన! లేకుంటే మావోని ముంగట అదెంత?"

మీ బాపు నోరు మూసుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను బిడ్డా. వానికి చెప్పాలని ఉంటే చెప్పే వీలుంది, టైము ఉంది, పాస్‌పోర్టు ఎదురుగానే ఉంది. చెప్పలేదు. చేతిలోని సుత్తి కింద పెట్టి, పడిపోయిన కుర్చీ ఎత్తి, దుమ్ము తుడిచి గోడకు ఆనించాడు.

"నీ మాట నువ్వే వాపస్ తీసుకున్నవ్ పరమేషూ. మంచిది. పోయిరా" అన్నాడు.

పరమేష్ పోయేదాకా కొరియర్ పిల్లగాడు నిలబడే ఉన్నాడు. వాడు మెల్లగా అడిగాడు, "మరి మారెమ్మ మీకేమైతది?" అని.

"మా అమ్మ పేరు. మా బిడ్డది" అన్నాడు మీ బాపు. చేతుల గ్రీజు లుంగీకి తుడుచుకొని సంతకం చేశాడు. కవరు తెరిచి, వీసా ఉన్న పేజీ పట్టుకొని చాలాసేపు చూశాడు. చదవడం రాదు కదా, ఫోటోనే చూశాడు.

"గీడ మాత్రం మన రంగే ఉన్నదక్కా" అన్నాడు.

అప్పుడు చెప్పాను నువ్వు పాసయ్యావని, ఉద్యోగం వచ్చిందని, ఒక్కదానివే పోవాలని ఉందని. రిత్విక్ అన్నమాట కూడా చెప్పేశాను, తిట్టుకో. మీ బాపు చేతులు కడుక్కున్నాడు. సద్ది విప్పి తిన్నాడు. సగంలో ఆపి, "సామాన్లకు పెద్ద పెట్టె కొనాలె" అన్నాడు.

వచ్చేయి బిడ్డా. పాస్‌పోర్టు నా సందుక పెట్టెలో ఉంది.

జానమ్మ


నల్లగొండ,
నవంబరు 2024

అత్తా,

నీ ఉత్తరం చదివి బస్టాండులోనే ఏడ్చాను. పక్కన కూర్చున్న ముసలమ్మ ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదు, నేనే పోతున్నానని చెప్పాను.

కానీ నవ్వకుండా ఉండలేని సంగతి ఇంకోటి ఉంది. నాకు మళ్లీ సంబంధం వచ్చింది. అదే పిల్లగాడు!

మా సెంటరు వాళ్లు వీసా వచ్చినవాళ్ల ఫోటోలతో గేటు ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో నేనున్నాను, 'మారెమ్మ, జర్మనీ' అని. రిత్విక్ అది చూసి నాయనకు ఫోన్ చేశాడట. మర్నాటికల్లా పరమేష్ మామ బిక్షమ్మతో మాట్లాడాడు; మన దుకాణం ముందు కొరియర్ పిల్లగాడు పిలిచిన పేరే ఇదని ఆయనకు తట్టనే లేదు. బిక్షమ్మ నా గదికి వచ్చి నా జుట్టు నిమిరింది. ఈ ఏడాదిలో ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"అదృష్టమంటే నీదే మారెమ్మా. పిల్లగాడు బీటెక్కట. కట్నం వద్దట. ఇంతకుముందు యాడనో కొత్తకోటల అనుకున్నరట గానీ ఆ పిల్ల దొంగదట, పాస్‌పోర్టే లేదట."

ఆ దొంగపిల్ల ఎలా ఉంటుందో బిక్షమ్మకు తెలిస్తే బాగుండు.

సాయంత్రం పాఠానికి రిత్విక్ కొత్త చొక్కా వేసుకొని వచ్చాడు. "ఆ పిల్లకన్న మీరే నయం మారెమ్మగారూ. మీకు గ్రామరు గూడ వస్తది" అన్నాడు.

"మరి ఆ పిల్ల సంగతి ఏం గావాలె?" అని అడిగాను.

"ఏముందండీ, నర్సే గదా. ఎవరో ఒకరు దొరుకుతరు."

అప్పుడు చెప్పాను. "రిత్విక్, గ్రేస్‌ను నేనే. మారెమ్మ మా నాయనమ్మ పేరు. కొత్తకోటలో పంక్చర్లేసే కురుమయ్య బిడ్డను నేనే" అని.

పశ్చాత్తాపపడతాడని, కనీసం సిగ్గుపడతాడని ఎదురుచూశాను. వాడు గొంతు సవరించుకొని అడిగిన మొదటి మాట ఇది: "అయితే... వీసా మీదేనన్నట్టు?"

నాదే అన్నాను. మనిషి నిజంగా సంతోషపడ్డాడు అత్తా! "ఇంకేం మరి, కార్డులు గూడ ఉన్నయి, పేరు గూడ మార్చే పని లేదు" అన్నాడు.

అప్పటిదాకా వాడి మీద ఉన్న కోపం ఆ మాటతో పోయింది. జాలి వేసింది. లాటరీకొకసారి, దేశానికొకసారి నాయన వాడిని గుడ్డ మీద అచ్చువేసి చౌరస్తాలో వేలాడదీస్తే, పాపం వాడైనా ఏమి మిగులుతాడు? "నువ్వు వచ్చే నెల పరీక్ష మళ్లీ రాయి. నీ గురించి చెప్పమంటే నీ గురించే చెప్పు. భార్య ఉద్యోగం చెప్పకు. నాకు నువ్వు వద్దు" అన్నాను. అన్నీ తెలుగులోనే చెప్పాను, అర్థం కాలేదని తప్పించుకోకుండా.

శనివారం ఇంటికి వస్తున్నాను. బాపుకు ఫోన్ చేసి చెప్పాను. స్పీకర్ పెట్టే ఉంది. నేను వస్తున్నాననగానే ఎవరో డ్రైవరు విజిల్ వేశాడు.

గ్రేస్


కొత్తకోట,
జనవరి 2025

బిడ్డా,

నీ కవరు చేరింది. అక్కడి మంచు ఫోటో మీ అమ్మ వంటింట్లో గోడకు అంటించింది. నువ్వు చూసుకునే ఆ ముసలాయన నిన్ను 'మారెమ్మ' అని నోరు తిరిగేటట్టు పిలుస్తున్నాడని రాశావు. మా అమ్మ వింటే మురిసిపోయేది.

ఊరి సంగతులు రాస్తాను. పరమేష్‌కు అసలు విషయం తెలిసి వారం రోజులు మన వీధిలోకి రాలేదు. తర్వాత వచ్చి "అక్కా, ఆనాడే ఒక్కమాట చెప్తే ఏంబోయె?" అన్నాడు. "నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పిన గదా" అన్నాను. రిత్విక్ పరీక్ష పాసయ్యాడట, నిజంగానే! ఇప్పుడు అమీర్‌పేటలో ఏదో కొత్త కోర్సు నేర్చుకుంటూ తన ఉద్యోగం తాను వెతుక్కుంటున్నాడు. ఫ్లెక్సీ కడితే ఇంటికి రానని నాయనకు చెప్పాడట. పరమేష్ చేతులు దురద పెడుతున్నాయి.

చౌరస్తాలోని నీ నిశ్చితార్థం ఫ్లెక్సీ గాలికి తెగి పడితే మీ బాపు తెచ్చుకున్నాడు. ఇప్పుడు దుకాణం మీద కెనడా పక్కన జర్మనీ. పిల్లగాని ముఖం మడతలోకి పోయేటట్టు కట్టాడు. 'డిపెండెంట్' అనే మాట మాత్రం రోడ్డువైపే ఉంది. అది ఏ కంపెనీ టైరని మొన్న ఒక డ్రైవరు అడిగాడు.

ఇంకో డ్రైవరు, నీకు వాషర్ సలహా చెప్పిన ఆ తమిళాయనే, వచ్చి పాప ఏదని అడిగాడు. జర్మనీ అన్నాడు మీ బాపు. ఎవరి వెంట పోయింది అని అడిగాడాయన.

"ఎవ్వల ఎంట పోలే. ఆమె ఒక్కతే పోయింది" అన్నాడు.

నేను చాటలో బియ్యం ఏరుతున్నదాన్ని ఆగిపోయాను. 'ఆమె' అన్నాడు బిడ్డా. మీ అమ్మను కూడా ఇప్పటిదాకా 'అది' అనే అంటాడు. ఆమె కూడా విని గడపలోకి వచ్చి నిలబడింది.

అందుకని సాయంత్రం నీ మొదటి ఉత్తరం తీసి, జర్మనీ భాషలో ఆడపిల్ల ఏదీ కాని లెక్కలో ఉంటుందన్న ముక్క మాత్రం చదివి వినిపించాను. వాడు టైరుకు గాలి కొడుతూ విన్నాడు. కొట్టడం ఆపాడు. అంత పెద్ద దేశం, అన్ని లారీలు తయారుచేసేవాళ్లు, ఆడపిల్లను 'అది' అంటారా అని మళ్లీ మళ్లీ అడిగాడు. అవునన్నాను. ఆ పైన నీకు రాయమని ఈ మాట చెప్పాడు. అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"నేనంటే సదువు రానోన్ని, తెల్వక అన్న. ఇప్పుడు మానుకున్న. గాళ్లను గూడ మానుకోమను."

జానమ్మ